చీటీ చూపిన చోటు: ముందుమాట

పదో తరగతి పరీక్షలు రాసినవాళ్ళకీ, వాళ్ళను కన్నవాళ్ళకీ జంబ్లింగ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒకే బడి పిల్లలు వరసగా కూర్చోకుండా నాలుగు బళ్ళ పిల్లల్ని కలగలిపి కూర్చోబెడతారు. ఇంటర్ ప్రాక్టికల్స్‌కి కూడా జంబ్లింగ్ పెడతామని అధికారులు అన్నప్పుడల్లా ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు గగ్గోలు పెట్టడం, తల్లిదండ్రులు హైరానా పడటం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. కాబట్టి పిల్లల సీట్లు కలిపేయడంలో మన తెలుగువాళ్ళ అనుభవం తక్కువేం కాదు. ఒకరి పేపర్లోకి ఒకరు తొంగిచూడకూడదని ఆ పని చేస్తాం, అంతే. ఏడాది పొడుగునా ఎవరి గుంపులో వాళ్ళను కూర్చోనిచ్చి, ఆఖరి పరీక్షల నాడు అనుమానంతో కలుపుతాం. ఈ పుస్తకం రాసిన టీచరమ్మ పదిహేను రోజులకోసారి చీటీలు తీయించి సీట్లు మారుస్తూ, ఆ కలపడాన్ని మార్చి నుంచి జూన్‌కి జరిపింది. పిల్లలు ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగిచూడాలనే జరిపింది. రాతప్రతి నా చేతికి వచ్చినప్పుడు పట్టు పట్టి చదివించింది ఈ తిరకాసే.

ఆమె పనిచేసేది లాడ్ బజార్ వెనక సందుల్లో ఉన్న ఒక సర్కారు బాలికల బడిలో. బడి పేరు పుస్తకంలో రాయలేదు, పిల్లల పేర్లు మార్చింది. నేనూ ఆ మర్యాదే పాటిస్తాను. చార్మినార్ దగ్గర మొదలై పడమరగా మహబూబ్ చౌక్ దాకా సాగే ఈ బజారుకు పెళ్ళి గాజుల కోసం రాని కుటుంబం హైదరాబాదులో అరుదు. చౌక్‌లో 1892లో నిజాం దివాను అస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం ఉంది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కొనేవాళ్ళకు కనిపించేది అద్దాల దుకాణాలు, ట్యూబులైట్ల కింద తళుకులు. దుకాణాల వెనకా పైనా ఉన్న ఇరుకు గదుల్లో బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబరచి, సన్నగా సాగదీసి, చల్లారకముందే గుండ్రంగా తిప్పి, ఒక్కొక్క రాయీ చేత్తో అద్దేవాళ్ళు ఉంటారు. ఆ ఇళ్ళ ఆడపిల్లలే ఈ పుస్తకంలో సగం మంది. మిగతా సగంలో గాజుల పనికని బీహారు నుంచి వచ్చినవాళ్ళ పిల్లలున్నారు, పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చి పాతబస్తీలోనే ఉండిపోయినవాళ్ళ పిల్లలున్నారు, తోపుడు బండ్ల మీద పండ్లమ్మేవాళ్ళ పిల్లలున్నారు.

ఒకప్పుడు ఈ బళ్ళలో ఉర్దూ మాధ్యమానికి ఒక గది, తెలుగు మాధ్యమానికి ఒక గది. ప్రార్థన అయ్యాక పిల్లలు వరండాలోనే విడిపోయేవాళ్ళు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్ళలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. దాని మంచిచెడ్డల మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, వాటికిది చోటు కాదు. ఒకటి మాత్రం నిజం. ఆ మార్పుతో ఈ బడిలో ఎనిమిదో తరగతి అంతా ఒకే గదిలోకి వచ్చింది. నలభై మంది పిల్లలు, ఇరవై బెంచీలు. మొదటి వారం ఎవరెక్కడ కూర్చున్నారో టీచరమ్మ పటం గీసి పెట్టుకుంది. ఆ పటం మొదటి అధ్యాయంలో ఉంది, తప్పక చూడండి. కిటికీ వైపు ఉర్దూ ఇళ్ళ పిల్లలు, గోడ వైపు తెలుగు ఇళ్ళ పిల్లలు, తలుపు దగ్గర బీహారు పిల్లలు, ముందు రెండు బెంచీల్లో ఏ ఇంటివాళ్ళయినా సరే మార్కులు వచ్చేవాళ్ళు. ఎవరూ అలా కూర్చోమనలేదు. సందు సందుగానే గదిలోకి వచ్చి కూర్చుంది.

సీట్లు మార్చాలని టీచర్లకు తోచదని కాదు. ఎత్తు ప్రకారం కూర్చోబెట్టడం అన్నిటికన్నా పాత పద్ధతి. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఏడో తరగతిలో ఒక్కసారిగా పొడుగెదిగిన పిల్ల ఆ నేరానికి వెనక్కి పోతుంది. మార్కుల ప్రకారం కూర్చోబెట్టడాన్ని మన కార్పొరేట్ కాలేజీలు ఒక కళగా తీర్చిదిద్దాయి. వారం వారం పరీక్ష పెట్టి సెక్షన్లే మార్చేస్తారు. ఇక అందరూ నిష్పాక్షికం అనుకునేది అక్షర క్రమం. పాతబస్తీ రిజిస్టరు ఒకటి తెరిచి చూడండి. సయ్యద్‌లందరూ ఒకచోట, షేక్‌లందరూ ఒకచోట, మహ్మద్‌లందరూ ఒకచోట పడతారు. ఇంటిపేరు ముందు రాసే మన ఊళ్ళ రిజిస్టర్లలోనైతే అన్నదమ్ముల పిల్లలు పక్కపక్కనే తేలతారు. ఏ పక్షపాతమూ లేదనుకున్న అకారాది క్రమం కులాన్నీ మతాన్నీ గప్‌చుప్‌గా మోసుకొచ్చి బెంచీల మీద దించుతుంది. ఇన్నేళ్ళు హాజరు పిలిచిన నాకు ఈ సంగతి తట్టలేదు. పుస్తకంలో ఆమె దీన్ని ఒక్క పేరాలో తేల్చేసింది గానీ, నా లెక్కలో అదే ఈ పుస్తకానికి గుండెకాయ.

ఎందుకంటే టీచరు ఎంచి ఇచ్చిన ప్రతి సీటూ ఒక తీర్పు. ముందు కూర్చోబెడితే నువ్వు తెలివైనదానివని, వెనక కూర్చోబెడితే నీ సంగతి నాకు తెలుసని, టేబులు పక్కన కూర్చోబెడితే నీ మీద నాకు నమ్మకం లేదని అర్థం. నోరు విప్పి చెప్పకపోయినా నలభై మందికీ అది వినపడుతుంది. పిల్లలకే వదిలేస్తే తీర్పు చెప్పేది వీధి. చీటీలో వచ్చిన సీటు మాత్రం ఆ పిల్ల గురించి ఏమీ చెప్పదు. పదిహేను రోజుల తరవాత అది ఎలాగూ పోతుంది. అవమానపడటానికీ గర్వపడటానికీ అందులో ఏమీ ఉండదు.

ఈ గడ్డ మీద బడిలో చోటు అనే మాటకు చేదు చరిత్ర ఉంది. సతారా బడిలో చిన్నప్పటి అంబేడ్కర్ అందరికీ దూరంగా ఒక మూల గోనెపట్టా మీద కూర్చునేవాడు. బడి ఊడ్చే మనిషి ఆ పట్టాను ముట్టడు గనక సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకుపోయి, పొద్దున మళ్ళీ తెచ్చుకునేవాడు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. మూసీ దాటితే వచ్చే ఇసామియా బజారులో 1910లో భాగ్యరెడ్డివర్మ దళిత పిల్లల కోసం బడి పెట్టాడు. కలిసి కూర్చోనివ్వని బళ్ళ ముందు నిలబడి వేడుకోవడం కన్నా సొంతంగా బడి పెట్టుకోవడం నయమనిపించిన కాలమది. ఇవాళ సర్కారు బడిలో గోనెపట్టాలు లేవు. బెంచీలున్నాయి, బెంచీ మీద సంచీ అడ్డం పెట్టుకుని కూర్చునే అలవాటు ఉంది.

ఇక చీటీల పద్ధతి. చెప్పుకోవడానికి తేలిక, చేయడంలో ఉంది కిటుకంతా. మొదట ఆమె ఫోనులో యాప్ పెట్టి సీట్లు కేటాయించింది. యాప్ నిజాయితీగానే చేసింది, పిల్లలు నమ్మలేదు. 'టీచర్ ఫోన్లో ఏదో జేసింది' అని గుసగుసలు మొదలయ్యాయి. దాంతో యాప్ పక్కన పెట్టి టిఫిన్ డబ్బా తెచ్చింది. ఒకే సైజు చీటీలు, ఒకే తీరు మడతలు, పిల్లలే కలపాలి, పిల్లలే తీయాలి. డబ్బా పట్టుకునే పని మాత్రం ప్రతిసారీ వేరే పిల్లది. న్యాయం జరగడం ఒక ఎత్తయితే అది పిల్లల కళ్ళ ముందే జరగడం ఇంకో ఎత్తని ఆ డబ్బా దగ్గర ఆమెకు తెలిసొచ్చింది.

బాగా కలపండి అని ఆమె మూడు చోట్ల రాసింది. చాదస్తం అనుకోకండి. వియత్నాం యుద్ధానికి కుర్రాళ్ళను పంపడానికి అమెరికా ప్రభుత్వం 1969 డిసెంబరు 1న పుట్టిన తేదీల మీద లాటరీ తీసింది. 366 తేదీలను చిన్న గొట్టాల్లో పెట్టి నెలల వరసలోనే పోశారు, సరిగ్గా కలపలేదు. చివరి నెలల్లో పుట్టినవాళ్ళకు ముందు పిలుపు వచ్చే నంబర్లు ఎక్కువగా పడ్డాయి. ప్రాణాల మీదికి వచ్చే లాటరీయే అలా ఏడిస్తే, ఎనిమిదో తరగతి డబ్బాను నాలుగు సార్లు గిలకొట్టడానికి బద్ధకిస్తే ఎలా?

ఇంకో తగాదా లెక్కల టీచర్లకు బాగా పనికొస్తుంది. రెండోసారి చీటీలు తీసినప్పుడు ఒక జంట మళ్ళీ ఒకే బెంచీకి వచ్చింది. మోసం జరిగిందని గోల. ఆమె ఆ గోలను బోర్డు మీదికి ఎక్కించింది. నలభై మందిలో నా పక్కకు రాదగినవాళ్ళు 39 మంది, పాత నేస్తమే మళ్ళీ వచ్చే అవకాశం 39లో ఒకటి. కానీ గదిలో ఉన్నవి ఇరవై బెంచీలు. ఎక్కడో ఒకచోట ఏదో ఒక జంట మళ్ళీ కలవడం పది సార్లలో సుమారు నాలుగు సార్లు జరిగేదే. ఆపైన ఇంకో లెక్క. నలభై మంది గదిలో ఎన్ని జంటలు సాధ్యం? 780. ఒక్కసారికి ఇరవై జంటలే కూర్చోగలవు గనక, ఒక్క జంటా తిరిగి రాకుండా చూసుకున్నా, అందరూ అందరి పక్కనా కూర్చోవాలంటే 39 సార్లు మార్చాలి. ఎవరిష్టానికి వాళ్ళను వదిలేస్తే ఆ 780లో ఏడాదికి పక్కపక్కన కూర్చునేది ఏ ముప్పయ్యో నలభయ్యో. తతిమ్మా వాళ్ళు ఒకే గదిలో ఏడాదంతా గడిపి, ఒకరికొకరు పేరు తప్ప ఏమీ తెలియకుండా తొమ్మిదికి పోతారు.

మొదటి చీటీల మర్నాడు జరిగినది చదివి పగలబడి నవ్వాను. వెనక బెంచీ చీటీ వచ్చినవాళ్ళలో సగం మందికి రాత్రికి రాత్రి చూపు మందగించింది! తల్లులు వచ్చారు. ఒకామె 'మా పిల్లకు బోర్డు కనిపిస్తలేదు మేడం' అంది. చెప్పనిది వేరే ఉంది, పక్కన వచ్చిన పిల్ల ఎవరన్నదే అసలు బాధ. టీచరమ్మ వాదన పెట్టుకోలేదు. కళ్ళ డాక్టరు గోడకు తగిలించే అక్షరాల చార్టు తెచ్చి ఆరు మీటర్ల దూరం కొలిచి అందరినీ నిలబెట్టింది. నిజంగా కనిపించనివాళ్ళు కొందరు తేలారు. వాళ్ళలో ఏనాడూ నోరెత్తని పిల్లలూ ఉన్నారు. వాళ్ళకు ముందు బెంచీల చీటీలు వేరే డబ్బాలో వేసింది. ఆ డబ్బాలోనూ పక్కన ఎవరన్నది చీటీయే చెబుతుంది. మిగతావాళ్ళకు చూపు తిరిగి వచ్చేసింది.

ఇప్పుడు నేను రెండు సార్లు చదివిన అధ్యాయం. లెక్కల్లో ఎప్పుడూ మొదట నిలిచే తెలుగు పిల్ల పక్కన చీటీ పుణ్యమా అని గాజుల ఇంటి పిల్ల వచ్చింది. ఈ రెండో పిల్ల నాలుగేళ్ళుగా ఆఖరి బెంచీ. ఇంట్లో రాళ్ళు అద్దీ అద్దీ వేళ్ళ కొసలు గట్టిపడ్డాయి. దశాంశాల పాఠం నడుస్తోంది. రెండు పాయింట్ ఆరు పెద్దదా, రెండున్నర పెద్దదా అని ప్రశ్న. మొదటి పిల్ల ఠక్కున రెండు పాయింట్ ఆరు అంది. రెండో పిల్ల నవ్వింది. గాజుల్లో రెండు ఆరు రెండున్నర కన్నా చిన్నదని మెల్లగా గొణిగింది. గది గొల్లుమంది. 'నీకు లెక్కలొస్తయా' అని ఎవరో అన్నారు. మర్నాడు ఆ పిల్ల సంచీలోంచి మూడు గాజులు తీసి బెంచీ మీద పెట్టింది. దుకాణంలో రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అంటారు. ఇద్దరూ స్కేలు పెట్టి లోపలి వెడల్పు కొలిచారు. రెండు ఎనిమిది సరిగ్గా రెండున్నర అంగుళాలు. రెండు ఆరు అంతకన్నా తక్కువ. ఎందుకంటే గాజుల బజారులో అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తారు. రెండు ఆరు అంటే రెండూ పదహారింట ఆరు. రెండు ఎనిమిది అంటే రెండూ పదహారింట ఎనిమిది. పుస్తకంలో చుక్క ఒకటి చెబుతుంది, గాజు ఇంకోటి చెబుతుంది. రెండూ తప్పు కాదు. ఆ రోజు భిన్నాల పాఠం బెంచీ మీదనే జరిగింది, టీచరు చాక్‌పీసు పక్కన పెట్టి చూస్తూ నిలబడింది.

ఆ తరవాత లెక్కల పిల్ల తెలుగు పీరియడులో పక్క పిల్లకు వత్తులు దిద్దుతూ పోయింది. 2018 చట్టంతో తెలంగాణ బళ్ళలో తెలుగు తప్పనిసరి అయ్యాక ఉర్దూ ఇళ్ళ పిల్లలకు వత్తులు పెద్ద గండం. బదులుగా లెక్కల పిల్ల ఉర్దూలో కుడి నుంచి ఎడమకు తన పేరు రాయడం నేర్చుకుంది. ఇద్దరి నోటుపుస్తకాలూ ఒకే బెంచీ మీద, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి తెరుచుకుని ఉన్న ఫొటో పుస్తకంలో ఉంది. పదిహేను రోజులు గడిచి మళ్ళీ చీటీలు తీసే పూట 'టీచర్, ఈ ఒక్కసారికి మార్చకుండ్రి' అని ఇద్దరూ బతిమాలారు. ఆమె మార్చేసింది. ఆ చోట నాకు కాస్త బాధ వేసింది. కానీ ఆమే రైటు. ఒక్కరికి మినహాయింపు ఇస్తే సీటు మళ్ళీ తీర్పే అవుతుంది.

ఇది ఒక్క టీచరు మురిపెం అనుకునేవాళ్ళ కోసం రెండు మూడు సంగతులు. ఢిల్లీలో పెద్దింటి పిల్లల ప్రైవేటు బళ్ళు 2007 నుంచి పేద పిల్లలకు సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆ బళ్ళను గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త పరిశీలించి ఫలితాలను 2019లో ప్రచురించాడు. పేద పిల్లలతో కలిసి చదివిన ధనిక పిల్లల్లో ఇచ్చే గుణం పెరిగింది, వేరుగా చూడటం తగ్గింది. పరుగు పందెం జట్టులోకి నెమ్మదిగా పరుగెత్తే తన తరహా పిల్లవాణ్ణి కాదని, వేగంగా పరుగెత్తే పేద పిల్లవాణ్ణి ఎంచుకోవడం ఎక్కువైంది. హంగరీ పల్లెల్లో 40 బళ్ళలో దాదాపు 3,000 మందిని లాటరీ పద్ధతిన కూర్చోబెట్టి చూసిన ఫలితాలు 2021లో వచ్చాయి. పక్కపక్కన పడిన జంటలు స్నేహితులయ్యే అవకాశం 15 శాతం నుంచి 22 శాతానికి పెరిగింది. చదువులో తేడా ఉన్న జంటలకూ ఆ మేలు కొంత అందింది. ఏడు శాతమేనా అని పెదవి విరిచేవాళ్ళు బెంచీ మార్చడానికి అయ్యే ఖర్చెంతో కూడా చెప్పాలి.

మూడోది నాకు మరీ ఇష్టం. అమెరికా వైమానిక దళ అకాడెమీలో చదువులో వెనకబడినవాళ్ళకు మేలు జరగాలని, వాళ్ళను బాగా చదివేవాళ్ళతో ఏరికోరి ఒకే దళంలో కలిపారు. ఫలితం తిరగబడింది. వెనకబడినవాళ్ళు ఇంకా వెనకబడ్డారు. దళం లోపలే వీళ్ళు ఒక గుంపు, వాళ్ళు ఒక గుంపు అయిపోయారు. కారెల్, సాసెర్‌డోట్, వెస్ట్ అనే ముగ్గురు 2013లో ఈ సంగతి బయటపెట్టారు. చురుకైన పిల్ల పక్కన మందమతిని కూర్చోబెట్టి పుణ్యం కట్టుకుందామనుకునే టీచర్లు మనలో చాలామంది. ఆ పుణ్యంలోనూ తీర్పు ఉందని ఆ ఇద్దరు పిల్లలకూ మనకన్నా ముందే తెలిసిపోతుంది.

మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బళ్ళు. అక్కడ పిల్లకు శాశ్వతమైన చోటంటూ లేదు. పాఠాలను మెట్లుగా పేర్చిన నిచ్చెనలో తను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని కార్డు తీసుకుంటుంది, ఆ కార్డును బట్టి ఏ గుంపులో కూర్చోవాలో తేలుతుంది. చిన్నా పెద్దా కలిసే కూర్చుంటారు. ఆ పద్ధతే తరవాత తమిళనాడు బళ్ళకూ పాకింది. ఈ పుస్తకంలో దాని ప్రస్తావన లేకపోవడం లోటే. రెండో ముద్రణలో చేర్చమని ఆమెకు చెప్పాను.

ఇంకో లోటూ చెబుతాను, పీఠిక అంటే పొగడ్తే కానక్కర్లేదు గదా. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే బడిలో ఈ చీటీలు ఎలా వేయాలో ఆమె ముట్టుకోలేదు. తనకు అనుభవం లేనిది రాయనంది. నిజాయితీ బాగుంది గానీ, పల్లెల్లో మన బళ్ళు ఎక్కువగా అలాంటివే. అక్కడి టీచరు ఈ పుస్తకం మూసి 'మాకేం చెప్పావమ్మా' అని అడిగితే జవాబు లేదు. నా సలహా అడిగితే మొదటి ఏడాది రెండు డబ్బాలు పెట్టమంటాను. కోపమొచ్చిన తండ్రి పిల్లను బడి మాన్పిస్తే ఇక చీటీ ఎవరి కోసం?

ఒక్క భయం కూడా ఉంది. స్థానార్థి శ్రీకుట్టన్ అనే మలయాళ సినిమా చూసి కేరళలో కొన్ని బళ్ళు వెనక బెంచీ లేకుండా గోడల చుట్టూ బెంచీలు వేశాయి. మంచి ఆలోచన. తమిళనాడుకు చేరేసరికి అది సర్క్యులర్ అయింది, ఇరుకు గదుల్లో పిల్లల మెడలు ఏమవుతాయని విమర్శలు వచ్చాయి. ఈ చీటీల పద్ధతి ఎవరైనా పెద్ద ఆఫీసరు కంట పడితే నెల మొదటి తారీఖున డబ్బాతో ఫొటో దిగి యాప్‌లో పెట్టాలని ఉత్తర్వు వస్తుంది. ఆ రోజుతో ఇది చచ్చిపోతుంది. దీన్ని టీచరు నుంచి టీచరు తీసుకోవాలి తప్ప పైనుంచి దిగకూడదు. కాబట్టి అధికారులు ఈ పుస్తకాన్ని మెచ్చుకుని ఊరుకుంటే మేలు.

రచయిత్రి నా దగ్గర చదువుకున్నది కాదు, నా చుట్టం కాదు. లాడ్ బజార్‌లో ఒక దుకాణం అరుగు మీద కూర్చుని రాతప్రతి నా చేతిలో పెట్టి, 'సార్, తప్పులుంటే గుర్తు పెట్టండి, మెచ్చుకోళ్ళు తరవాత' అంది. పెన్సిలుతో చాలాచోట్ల గీతలు గీశాను. వాటిలో సగం ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోని చోట్ల ఆమె మాటే అచ్చయింది. అదే సరైన పని.

తెలంగాణలో బళ్ళు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఒక కాగితం, ఒక కత్తెర, మూత గట్టిగా పట్టే డబ్బా ఉంటే మీ తరగతిలో ఇది మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టే ముందు మీ గది పటం ఒకటి గీసి పెట్టుకోండి, డిసెంబరులో ఇంకోటి గీయండి. ఏమైందో ఆమెకు ఒక ఉత్తరం రాయండి. బెడిసికొడితే మాత్రం ఇంకా వివరంగా రాయండి, రెండో ముద్రణకు ఆమెకు కావలసినవి అవే.